అత్తగారి సిగ్నల్

"ఇంటి నుండి విధులు నిర్వర్తించు ప్రతి ఉద్యోగి తన గృహమునందు స్థిర నిస్తంత్రీ జాలకము కలిగియుండవలెను. ఉద్యోగి తన చరవాణి ద్వారా పంచుకొను అంతర్జాలము జాలకముగా పరిగణింపబడదు. తనిఖీ సమయమున ఉద్యోగి తన చరవాణిని ఆపి బల్లపై ఉంచవలెను. అటుపిమ్మటను జాలకము పనిచేసినచో స్థిరమనియు, పనిచేయనిచో అస్థిరమనియు ధ్రువీకరింపబడును. అస్థిరులకు ఇంటి నుండి పని అనుమతి రద్దు."

ఈ సర్క్యులర్ వెలువడిన రోజు రోడ్ల విభాగం ప్రధాన కార్యాలయంలో చాలామంది ముఖాలు పాలిపోయాయి. ఒక్కడు మాత్రం సంతోషించాడు. అది రాసినవాడు.

అతన్ని ఆఫీసులో అందరూ 'డ్రాఫ్టు' అంటారు. రోడ్ల మీది గుంతల గురించి జనం పంపే ఫిర్యాదులకు జవాబులు రాయడం అతని పని. గుంత పూడినా పూడకపోయినా జవాబు మాత్రం నిండుగా ఉంటుంది. డైరెక్టరుగారు "కాస్త గట్టిగా రాయండి" అన్నారు గనుక ఈ సర్క్యులర్‌ను గట్టిగా రాశాడు. 'అటుపిమ్మటను' అనే మాట తట్టినందుకు ఆ పూట ఒక టీ ఎక్కువ తాగాడు.

ఆ సంతోషం బస్సు దిగేవరకూ ఉంది. దిగి వీధి మలుపు తిరిగాక, తన ఇంట్లోనూ జాలకం, అంటే వైఫై, లేదన్న సంగతి గుర్తొచ్చింది.

ఇన్నాళ్లూ అతను ఇంటి నుంచి చేసిన పనంతా తన ఫోను మీదే నడిచింది. అతనికి మంగళ, గురువారాలు ఇంటి నుంచి పని. ఆ రెండు రోజులూ ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్యకు పగటి డ్యూటీ. ఇంట్లో చంటి కవలలున్నారు. ఒకరు ఏడిస్తే, కారణం కనుక్కోకుండానే రెండోవారూ మొదలుపెడతారు. అత్తగారు ఇంట్లోనే ఉంటారు గానీ ఆవిడకున్నది రెండు చేతులే. ఇద్దరు పిల్లలకు నాలుగు కావాలి.

"ఎవరండీ ఆ సర్క్యులర్ రాసిన మహానుభావుడు?" అంది భార్య.

"ఆఫీసు."

"ఆఫీసుకు చేతులుంటాయా?"

"అంటే, పైనుంచి వచ్చింది."

"పైనుంచి వానొస్తుంది. సర్క్యులర్ ఎవరో ఒకరు రాస్తారు. 'అటుపిమ్మటను' అనేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందున్నారో నాకు తెలీదా!"

డ్రాఫ్టు పాలసీసా కడగడంలో మునిగిపోయాడు.

"ఒక్కటి చెప్పండి. మీ అనుమతి పోతే ఆ రెండు రోజులూ పిల్లల్ని అమ్మ ఒక్కతే చూడలేదు. నేను ఉద్యోగం మానాలి. లేదా మీరు మానాలి. ఎవరు మానదాం?"

అది ప్రశ్న కాదని తెలిసేంత కాలం అతను కాపురం చేశాడు.

మర్నాడే ఇంటర్నెట్ కంపెనీ కౌంటరు ముందు నిలబడ్డాడు. కౌంటర్లో అమ్మాయి చిరునామా కొట్టి చూసి తలెత్తింది.

"మీ వీధిలో తీగ లేదు సార్."

"వేయించండి."

"రోడ్డు తవ్వాలి. తవ్వుకోవడానికి పర్మిషన్ అడిగాం. రాలేదు."

"ఎవరివ్వాలమ్మా?"

"రోడ్ల విభాగం. ఆ ఆఫీసువాళ్లు ఎలాంటివాళ్లో మీకు తెలీదు సార్!"

తానెక్కడ పనిచేస్తాడో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

ఇంటికొచ్చి తన సర్క్యులర్ తానే ముందేసుకుని చదివాడు. రాసేటప్పుడు గర్వంగా ఉన్న వాక్యాలు ఇప్పుడు గోడల్లా ఉన్నాయి. మూడోసారికి ఒక కిటికీ కనిపించింది. నిషేధం ఉద్యోగి ఫోను మీదే. అత్తగారు ఏ ఆఫీసులోనూ ఉద్యోగి కాదు. కాబట్టి ఆవిడ ఫోను, నిబంధనల దృష్టిలో, ఫోనే కాదు!

"అత్తయ్యగారూ, మీ ఫోను ఒకసారి ఇవ్వండి."

"ఎందుకు బాబూ?"

"మనింట్లో నెట్‌వర్క్ పెడుతున్నాను. రౌటరు, తీగ ఏమీ అక్కర్లేదు. మీ ఫోనొక్కటి చాలు. సెట్టింగుల్లో హాట్‌స్పాట్ నొక్కి అలమరలో పెట్టేస్తాను."

"ఫోను నా చేతిలోనే ఉంటుంది. మీకు కావలసింది గాల్లో వస్తుందంటున్నారుగా? గాలి తీసుకోండి."

ఎంత బతిమాలినా ఆవిడ ఫోను వదల్లేదు. అతను పక్కన నిలబడి చెబుతుంటే ఆవిడే నొక్కింది. నెట్‌వర్క్‌కు పేరడిగితే 'అమ్మమ్మ' అని పెట్టింది. పాస్‌వర్డ్ దగ్గర ఫోను అటు తిప్పుకుంది.

"పాస్‌వర్డ్ చెబితే నేను కంప్యూటర్లో కొడతాను, అత్తయ్యగారూ."

"చెబితే ఇంక అది పాస్‌వర్డ్ ఎలా అవుతుంది బాబూ? ఇటివ్వండి, నేనే కొడతాను."

ఒక చేత్తో కప్పి, ఇంకో చేత్తో కొట్టింది. 'అమ్మమ్మ కనెక్ట్ అయింది' అని తెర మీద పడింది. ఇల్లు జాలకంతో నిండింది.

తనిఖీ ఏ రోజైనా రావచ్చు గనుక ఆ రోజు నుంచే అమలు. అప్పుడు తెలిసింది, అత్తగారి కాళ్లకు చక్రాలున్నాయని. ఆవిడ బట్టలు ఆరేయడానికి మేడెక్కితే నెట్‌వర్కూ మేడెక్కేది. డ్రాఫ్టు ఒళ్లో కంప్యూటరు, భుజాన బిడ్డతో మెట్ల మీద కూర్చుని గుంతలకు జవాబులు రాసేవాడు. ఆవిడ పక్కింటికి వెళితే గోడ పక్కకు చేరేవాడు. ఒకసారి ఆఫీసు మీటింగులో తెర మీద అతని ముఖం నోరు తెరిచినట్టే ఆగిపోయింది. ఏమైందని అందరూ అడిగారు. నెట్‌వర్క్ స్నానానికి వెళ్లిందని ఎలా చెబుతాడు? "సాంకేతిక కారణాలు" అన్నాడు.

తనిఖీలో చూపించడానికి ఒక యంత్రం కూడా ఉండాలి. ఫ్రిజ్ వెనకున్న పాత స్టెబిలైజరు తుడిచి గోడ బల్ల మీద పెట్టాడు. దానికి పచ్చ దీపం ఎలాగూ ఉంది. అత్తగారి స్వెటర్ అల్లే సూదులు రెండు తెచ్చి వెనకవైపు నిటారుగా గుచ్చాడు. దూరం నుంచి చూస్తే రౌటరే! దగ్గర నుంచి చూస్తే ఏమిటో అతను ఆలోచించదలచుకోలేదు.

మంగళవారం తనిఖీ అధికారి వచ్చాడు. చేతిలో టాబ్లెట్, ముఖంలో బాధ్యత.

"ఫోను."

డ్రాఫ్టు ఫోను ఆపి బల్ల మీద పెట్టాడు. ఒక బిడ్డ అతని భుజం మీద నిద్రపోతోంది. రెండోది అత్తగారి చంకలో ఉంది. ఫోను ఆవిడ పర్సులో ఉంది. పర్సు ఆవిడ చేతిలో ఉంది.

"'అమ్మమ్మ' అని కనిపిస్తోంది. ఇదేనా?"

"అదే సార్."

"పాస్‌వర్డ్?"

"ఇటివ్వు నాయనా," అని అత్తగారు టాబ్లెట్ లాక్కుని కప్పి కొట్టింది. అధికారి దాన్ని భద్రతా చర్యగా నమోదు చేశాడు.

"ఇక నుంచి నీ పని ఈ నెట్‌వర్క్ మీదే. ఆఫీసు సిస్టం ఇంకో నెట్‌ను లోపలికి రానివ్వదు. అర్థమైందా? సరే, ఇది స్థిరంగా ఉంటుందా?"

"అల్లుడింట్లో ఎవరు స్థిరంగా ఉంటారు నాయనా?" అంది అత్తగారు. "పిల్లలు నడిచేదాకా ఉంటాను."

డ్రాఫ్టు దగ్గాడు. అధికారి వినిపించుకోకుండా గదులు చూడ్డానికి బయల్దేరాడు. ఇంటికొచ్చిన మనిషిని ఒంటరిగా తిరగనివ్వడం మర్యాద కాదని అత్తగారు వెనకే నడిచింది. పడకగదిలో సిగ్నల్ ఫుల్లు. వంటింట్లో ఫుల్లు. మేడ మీద ఫుల్లు!

"గోడలు అడ్డు రావడం లేదే! ఇలాంటి సిగ్నల్ నేనెక్కడా చూడలేదు," అన్నాడు అధికారి.

ఇక మిగిలింది ధ్రువపత్రం. స్టెబిలైజరును ఫోటో తీసి, టాబ్లెట్‌లోంచి ఆఫీసుకు పంపాలి. పంపడం మొదలైంది. సగం వెళ్లింది. అప్పుడే వీధిలో కూరగాయల బండివాడు కేకేశాడు.

"ఉండండి, ఇప్పుడే వస్తా," అని అత్తగారు చంకలో బిడ్డతో, చేతిలో పర్సుతో గడప దాటింది.

"అత్తయ్యగారూ, కూరగాయలు నేను తెస్తాను!"

"మీరు తెస్తే ముదురువి తెస్తారు."

టాబ్లెట్‌లో సిగ్నల్ గీతలు ఒక్కటొక్కటే రాలిపోయాయి. అధికారి దాన్ని చూశాడు, దులిపాడు. గుమ్మంవైపు ఒక అడుగు వేశాడు. ఒక గీత లేచింది. ఇంకో అడుగు వేశాడు. ఇంకో గీత లేచింది. అలా గీతల వెంట నడుచుకుంటూ వీధిలోకి వెళ్లిపోయాడు.

డ్రాఫ్టు కిటికీలోంచి చూశాడు. అత్తగారు టమాటాలు ఏరుతోంది. రోడ్ల విభాగం తనిఖీ అధికారి ఆవిడ భుజం వెనక టాబ్లెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఉల్లిపాయలవైపు జరిగితే ఆయనా జరిగాడు. మధ్యలో ఆవిడ బిడ్డను ఆయన చేతికిచ్చి పర్సు తెరిచింది. పర్సులో వెలుగుతున్న ఫోనువైపు ఆయన చాలాసేపు చూశాడు.

డ్రాఫ్టు కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాడు. ఇంక అస్థిరుడే. సాయంత్రం భార్య డ్యూటీ నుంచి రాగానే ఏం చెప్పాలో వాక్యం కుదరలేదు. ఇన్నేళ్లలో వాక్యం కుదరకపోవడం అదే మొదటిసారి.

అధికారి కూరగాయల సంచీ మోసుకుంటూ తిరిగొచ్చాడు. సంచీ వంటింట్లో పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తలుపు వేయి."

వేశాడు.

"నీ స్టెబిలైజరు బాగుందయ్యా."

డ్రాఫ్టు స్టెబిలైజరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ సూదులు మరీ అంత నిటారుగా పెట్టకు. కాస్త చెరోవైపూ వంచు. నిటారుగా ఉంటే ఫోటోలో అనుమానం వస్తుంది."

"సార్..."

"కూర్చో. ఒకరింట్లో రేడియో చూపించారు. ఇంకొకరు టిఫిన్ డబ్బాకు సీరియల్ లైట్లు చుట్టారు. మూత తీస్తే వాసన కూడా వచ్చింది. వాటితో పోలిస్తే నీది ఇంజనీరింగు!"

"మరి వాళ్లందరికీ ఏమని రాశారు సార్?"

"స్థిరం. నూటికి నూరు శాతం స్థిరమని డైరెక్టరుగారు పత్రికలకు చెప్పాకే కదా తనిఖీలు మొదలైంది! నేను కొత్తగా ఏం రాస్తాను?"

డ్రాఫ్టు ఊపిరి వదిలాడు. అధికారి మాత్రం వదల్లేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"వచ్చే మంగళవారం డైరెక్టరుగారు మా ఇంటికి తనిఖీకి వస్తున్నారు."

"మీ ఇంట్లో..."

"మా వీధిలోనూ తీగ లేదు. తవ్వకం పర్మిషన్ ఫైలు రాలేదట."

"ఆ ఫైలు ఎవరి దగ్గరుంది సార్?"

"నా దగ్గరే. చూడాలి. ఈ తనిఖీలతో తీరితేగా!"

"మేడంగారి ఫోను వాడుకోవచ్చు కదా సార్?"

"ఆవిడా మన డిపార్టుమెంటే. ఆవిడ ఫోనూ బల్ల మీదికే. ఎవడయ్యా ఆ సర్క్యులర్ రాసింది!"

"పైనుంచి వచ్చింది సార్," అన్నాడు డ్రాఫ్టు.

అధికారి లేచి అత్తగారి ముందుకెళ్లి నిలబడ్డాడు. ఇంట్లోకి వచ్చినప్పటి బాధ్యత ముఖంలో లేదు.

"అమ్మా, మంగళవారం ఒక్కపూట మా ఇంటికి రావాలి."

"వచ్చి?"

"ఏం లేదు. కూర్చోవాలి. డైరెక్టరుగారు ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి రావాలి."

"కారు పంపిస్తావా?"

"పంపిస్తాను."

"నేనెవరని చెబుతావు?"

"మా అత్తగారని."

"మరి మీ అత్తగారు ఊరుకుంటుందా?"

"ఆవిడకి చెప్పం."

అత్తగారు ఆలోచించింది. "సరే. కూరగాయలు తేవడంలో నువ్వు నయం," అని ఒప్పుకుంది.

మంగళవారం ఆఫీసు కారు గుమ్మం ముందు ఆగింది. అత్తగారు కొత్త చెప్పులు వేసుకుని, పర్సు పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. భార్య డ్యూటీకి వెళ్లింది. ఇంట్లో డ్రాఫ్టు, కవలలు మిగిలారు. కంప్యూటరు తెరిస్తే 'అమ్మమ్మ అందుబాటులో లేదు' అని వచ్చింది. ఆఫీసు సిస్టం ఇంకో నెట్‌ను రానివ్వదు. ఒక బిడ్డ మొదలుపెట్టింది. రెండోది అందుకుంది. ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని గదిలో తిరుగుతుంటే ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక గడ్డంతో నొక్కాడు.

తనిఖీ అధికారి. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఏమయ్యా, నువ్వు లాగిన్ కాలేదేం? సిబ్బంది ఇళ్లలో ఎలా పనిచేస్తున్నారో చూద్దామని డైరెక్టరుగారు ఇక్కడ తెర తెరిపించారు. నీ పేరొక్కటే ఎర్రగా ఉంది."

"నెట్‌వర్క్ మీ ఇంట్లో ఉంది సార్."



"అవునుగదా," అన్నాడు అధికారి.

"డైరెక్టరుగారికి తెలిసిపోయిందా సార్?"

"తెలిసింది. మా ఇల్లు చూసొస్తానని మీ అత్తగారు పెరట్లోకి వెళ్లింది. గీతలు పడిపోయాయి. ఆయనా వెనకే వెళ్లారు."

"ఏమన్నారు?"

"ఉండు, వింటున్నా... గురువారం ఖాళీగా ఉంటారా అమ్మా అని అడుగుతున్నారు."

"గురువారమా?"

"మంత్రిగారు డైరెక్టరుగారి ఇల్లు చూడ్డానికి వస్తున్నారట. నువ్వు ఆ రెండు రోజులకూ ఆన్ డ్యూటీ వేసుకో. జీతం కోయరు. మీ అనుమతికీ ఢోకా లేదు. డైరెక్టరుగారే చెప్పారు."

డ్రాఫ్టుకు సంతోషించాలో లేదో తెలియలేదు. కుడి భుజం తడిసింది. ఎడమ భుజం కూడా తడిసేలా ఉంది.

"సార్, ఆవిడ మీ అందరి ఇళ్లకూ తిరుగుతుంటే, ఇక్కడ ఇద్దరు పిల్లలతో నేనొక్కణ్ణే ఎలా చచ్చేది?"

"అదేంటయ్యా!" అన్నాడు అధికారి. "ఇంటి నుంచి పని అని నువ్వు అడిగింది ఆ పని కోసమేగా!"