ముందుకాళ్ళ నూనె

ఆ ఆదివారం పొద్దున నరేంద్ర వేసుకున్న లెక్క చాలా సులువైనది. మధ్యాహ్నం భోజనంలోపు బండి ముందు షాకబ్జర్లు విప్పి, లోపలి మెత్తటి స్ప్రింగులు తీసేసి గట్టివి వేయాలి, కొత్త ఆయిల్ పోయాలి. నాలుగింటికి పల్లవిని వెనక ఎక్కించుకొని బోడికొండ ఎక్కాలి. ఐదున్నరకు శ్రీహరికోటలో రాకెట్టు లేస్తుంది. కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి మిద్దె మీద నుంచి చూసినా చింతచెట్ల నెత్తిన ఒక నిప్పురవ్వ కనబడి మాయమవుతుంది, అంతే. బోడికొండ మీద నుంచి అయితే తూర్పు మొత్తం తెరుచుకొని ఉంటుంది. పెళ్ళిచూపులనాడు మాట్లాడడానికి ఏమీ తోచక నరేంద్ర ఈ సంగతే చెప్పాడు. "నాకు చూపిస్తారా?" అంది పల్లవి. "చూపిస్తా" అన్నాడు. రెండేళ్ళయింది. ఇంకా చూపించలేదు.

పల్లవి తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ అక్కడే ఒక అద్దె గదిలో ఉన్నారు. నాయన పోయాక మామిడితోట చూసుకోవడానికి నరేంద్ర ఊరికి వచ్చేశాడు, పల్లవి హాస్టలుకు మారింది. శనివారం చీకటి పడ్డాక బస్సు దిగుతుంది, సోమవారం మొదటి బస్సుకు పోతుంది. నడుమనున్న ఆదివారం ఊరిది. షుగరు రిపోర్టులు పట్టుకొని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆ అద్దె గదిలో పల్లవి అతన్ని పేరు పెట్టి పిలిచేది. ఇక్కడ అత్త ముందు "ఏమండీ", "మీరు". ఆమె నోట తన పేరు వినక నరేంద్రకు అది వేరెవరి పేరో అన్నట్టు అయిపోయింది. బోడికొండ మీద ఎవరూ ఉండరు. అతనికి రాకెట్టు ఎంత ముఖ్యమో, అదీ అంతే ముఖ్యం.

పోయినసారి సగం కొండ దాకా పోయారు. రాళ్ళదారుల కోసమే చేసిన బండి అది. ఒక్కడే ఎక్కితే కుందేలులా పోతుంది. ఇద్దరు ఎక్కేసరికి ప్రతి రాయి దగ్గరా తల వంచి దండం పెట్టింది, ఒక రాయి దగ్గర సాష్టాంగమే పడింది. తంగేడు పొదలోంచి ఇద్దరూ లేచేసరికి రాకెట్టు పోయింది. పల్లవి మోచేయి ఊదుకుంటూ, "పొగ బాగుండాది" అంది. ఆ మాటకే నరేంద్ర స్ప్రింగులకు ఆర్డరు పెట్టాడు.

పుత్తూరు మెకానిక్కుకు ఆదివారం సెలవు. అందుకని ఫోనులో వీడియో పెట్టుకొని తనే కూర్చున్నాడు. ఇంజను కింద పాత రోలు దొర్లించి బండిని నిలబెట్టాడు. ముందు చక్రం ఊడదీసి, రెండు షాకబ్జరు గొట్టాలూ లాగి, మూతలు తిప్పి, పాత నూనె వంచేశాడు. నల్లగా వచ్చింది. చెదలు పట్టకుండా దాన్ని కంచె గుంజలకు పూసేశాడు కూడా. అప్పుడు లోపలికి పోయి, గురువారం వచ్చిన పార్శిలు డబ్బా తెరిచాడు. డబ్బాలో గాలిబుడగల కవరు తప్ప ఏమీ లేదు.

వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకొని ఉంది. కొత్త స్ప్రింగులు రెండూ గోడకు ఆనించి, రెండు పాదాలతో తొక్కుతోంది.

"ఏందిమా అది?"

"నువ్వు తెప్పించిందే కదరా. మోకాళ్ళ నొప్పోళ్ళు రోజూ గోడను తన్నాలని టీవీలో డాక్టరమ్మ సెప్తాది. ఒట్టి గోడ తంతే పాదాలు మండతాయి. దీంతో ఎంత సుకంగా ఉండాదో!"

నరేంద్ర ఖాళీ డబ్బా ఎత్తి చూపించాడు. "దాంట్లో నూనె సీసాలు ఉండాల కదమా?"

"ఆ నూనె గురించే సెప్పాలనుకుంటా ఉండా." ఆమె స్ప్రింగులు పక్కన పెట్టి, చేత్తో ఏమీ పట్టుకోకుండా లేచి నిలబడింది. నాయన పోయినప్పటి నుంచి ఆమె అట్లా లేవడం నరేంద్ర చూడలేదు. "సూసినావా? రెండు దినాలు పూసినా, అంతే. మోకాళ్ళ నూనె తెప్పియ్యమని నాలుగుసార్లు అడిగినా నువ్వు మరిసిపోయినావని పంకజ కాడ నిన్ను తిట్టినా కూడా. తెప్పించి, సెప్పకుండా బల్ల మీద పెట్టినావే! మీ నాయనా అంతే, ఏదీ సెప్పేటోడు కాదు."

నిజంగానే నాలుగుసార్లు అడిగింది. నిజంగానే మరిచిపోయాడు. అది మోకాళ్ళ నూనె కాదు, బండి నూనె అని చెప్పడానికి నరేంద్ర నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి మూసుకున్నాడు.

"మిగతాది యాడ పెట్టినావుమా?"

"నాకొక్కదానికే ఎందుకురా అంత? నేను పూసుకునేంత గిన్నెలో వంచుకొని, ఒక సీసా పంకజకు ఇచ్చినా, ఒకటి ఏకాంబరానికి ఇచ్చినా."

పంకజాక్షి పక్కింటామె, నరేంద్రకు వరసకు పిన్నమ్మ. అతను పోయేసరికి ఆవు దగ్గర కూర్చుని ఉంది.

"పిన్నమ్మా, ఆ నూనె సీసా ఒకసారి ఇయ్యి."

"సీసా ఉండాది గానీ నూనె యాడుండాది నాయనా? నేను పూసుకున్నా, మా యావుకు కాళ్ళు వాసింటే దానికీ పూసినా."

"ఆవుకా?"

"ముందుకాళ్ళకే లే."

నరేంద్రకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. అది కూడా బండి ముందుకాళ్ళ కోసం వచ్చిన నూనే.

ఏకాంబరం బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పోయింది. నరేంద్ర పోయేసరికి వాకిట్లో గుంజీళ్ళు తీస్తున్నాడు.

"సూడప్పా అల్లుడా, సూడు! ఇట్ల కూర్చొని లేచి పదేళ్ళయింది."

"మామా, ఆ నూనె కొంచెం కావాల."

"వయసులో ఉండేవాడివి, నీకెందుకప్పా?"

బండికి అంటే ఈ మాట అమ్మ దాకా పోతుంది. నరేంద్ర తొందరలో నోటికొచ్చింది అనేశాడు. "నాకే మామా. మోకాళ్ళు నొప్పి."

ఏకాంబరం గుంజీళ్ళు ఆపాడు. నరేంద్రను పైనుంచి కిందికి చూశాడు. "ముప్పై నాలుగేళ్ళకేనా?" అని భుజం మీద చెయ్యి వేశాడు. సీసా మాత్రం ఇవ్వలేదు. దాంట్లోనూ అడుగంటింది.

నరేంద్ర ఇల్లు చేరేలోపు ఆ మాట చేరింది. పంకజాక్షి అప్పటికే అరుగెక్కి, "నాతో ఒక్క ముక్క సెప్పలేదే బిడ్డ! అందుకేనేమో నూనె అడిగితే కండ్లలో నీళ్ళు తిరిగినాయి" అంటోంది. చంద్రకాంతమ్మ కొడుకు రెక్క పట్టుకొని మంచం మీదికి తోసింది.

"ఆ పాడు కొండబండి వల్లే! ఈ పొద్దు దాని జోలికి పోయినావంటే నా మీద ఒట్టు."

"అమ్మా, నాకేం లేదుమా..."

"ఏం లేకుండానే ఇంటింటికీ తిరిగి నూనె అడుక్కున్నావా?"

పల్లవి తలంటుకొని, తడి జుట్టుతో బయటికి వచ్చేసరికి మొగుడు రెండు మోకాళ్ళకూ వెచ్చటి ఆముదం ఆకులు కట్టించుకొని, పెళ్ళివారింటి గుమ్మంలా పడుకుని ఉన్నాడు. వాకిట్లో బండి ముందుకాళ్ళు లేకుండా రోలు మీద ఉంది. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమైందండీ మీకు?"

దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో జరిగిందంతా చెప్పాడు. పల్లవి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. కోడలు ఏడుస్తోందనుకొని పంకజాక్షి కూడా కొంగు తీసింది.

పల్లవి ముఖం తుడుచుకొని వచ్చి, ల్యాబులో మాట్లాడే గొంతుతో అంది. "అత్తా, ఆ నూనె రుద్దినాక ఊరికే వదిలేయకూడదు. పావుగంటకే వేడినీళ్ళు పోసి, సబ్బు పెట్టి బాగా కడిగేయాల. ఇంక మళ్ళీ పూయనే కూడదు. అంతే దాని కోర్సు."

"నేను అప్పుడే అనుకొన్యా, గట్టి మందు అని" అంది చంద్రకాంతమ్మ. ఆసుపత్రి మనిషి మాట కాబట్టి అందరూ వేడినీళ్ళు కాచుకున్నారు. ఆవుకు కూడా కాచారు.

భోజనాలయ్యాక ఏకాంబరం ఒకవైపు నుంచి, పంకజాక్షి ఒకవైపు నుంచి వచ్చారు. ఇద్దరి చేతుల్లో రెండు సీసాలు, మూతి దాకా నిండుగా. పాపం పసివాడికి లేకుండా మేం వాడేసినామే అని మనసు పీకిందట. నరేంద్ర ఆకులు ఊడిపోయేంత వేగంగా లేచి కూర్చున్నాడు.

"మరి అయిపోయిందంటివి కదా పిన్నమ్మా?"

"అయిపోయింది గానీ, సీసా ఒట్టిది ఎట్ల ఇస్తారు నాయనా ఎవరైనా? మా చెనిక్కాయలు గానుగాడించింది పోసినా."

"నేనూ అంతే" అన్నాడు ఏకాంబరం. "మంచి నూనెప్పా. మోకాళ్ళకు కాకున్నా తాళింపుకన్నా పనికొస్తాది."

ఆ తర్వాత పెద్దవాళ్ళు ముగ్గురూ గేటు దగ్గర ఏదో గుసగుసలాడుకున్నారు. "ఒక పని మీద పోయొస్తాం పల్లవీ. వాడ్ని మంచం దిగనియ్యాకు" అని చెప్పి చంద్రకాంతమ్మ మురుకుల డబ్బా చంకలో పెట్టుకొని పోయింది.

ఇల్లు ఖాళీ అయింది. పల్లవి వారం వారం రావడం మొదలైనప్పటి నుంచి ఆ ఇల్లు ఆదివారం నాడు ఖాళీగా ఉండడం అదే మొదలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ బండిని చూశారు.

"మూడైంది" అంది పల్లవి.

"నూనె లేదు కదా."

ఆమె సీసాలు రెండూ ఎత్తి పట్టుకుంది.

"చెనిక్కాయ నూనెనా? షాకబ్జర్లోనా? నూనె కారకుండా ఆపే సీళ్ళు పోతాయి పల్లవీ. వేడెక్కితే ఏమైతాదో."

"ఈ పొద్దు ఒక్కపూట ఆగితే చాలదా? తర్వాత పోతే పోనీండి. ఈసారీ పొగే చూపిస్తారా నాకు?"

నరేంద్ర మోకాళ్ళ మీది ఆకులు విప్పి అవతల పారేశాడు. అతను గోడ దగ్గరి స్ప్రింగులు తెచ్చి తుడిచాడు. పల్లవి పెద్ద సిరంజి తెచ్చి, రెండు గొట్టాల్లోనూ వేరుశెనగ నూనె ఒకే మట్టానికి వచ్చేలా కొలిచి పోసింది. ఖాళీ ఇంట్లో దొరికిన ఆ కాస్త సమయాన్నీ ఇద్దరూ మోచేతుల దాకా జిడ్డు చేసుకొని గడిపారు. చక్రం ఎక్కించి, నట్లు బిగించి, నరేంద్ర హ్యాండిలు మీద బరువంతా వేసి అదిమాడు. బండి మెల్లగా దిగి, మెల్లగా లేచింది. అతనికి ఒళ్ళు పులకరించింది.

బోడికొండ దారిలో ముందు చక్రం రాయి ఎక్కింది, దిగింది. పోయినసారి పడిన చోటు వచ్చింది. నరేంద్ర గేరు తగ్గించాడు. బండి మోకాళ్ళు వంచి, మళ్ళీ నిటారుగా నిలబడి ముందుకు పోయింది.

"ఇదేనా ఆ రాయి?" అంది పల్లవి.

"అదే."

ఆమె గడ్డం అతని భుజం మీద ఆనింది. ఏదో అనబోయింది. ఆఖరి మలుపు తిరిగారు.

కొండ మీద చదునుగా ఉన్న బండ పైన చంద్రకాంతమ్మ, పంకజాక్షి, ఏకాంబరం వరసగా కూర్చొని మురుకులు తింటున్నారు.

"ఒరే! మంచం ఎందుకు దిగినావురా?" అని చంద్రకాంతమ్మ లేచింది.

"మీరెందుకు ఎక్కినారుమా ఈడికి?"

"వాడికి బాగలేదు, పల్లవిని యాడ తీసకపోతాడు, మన మోకాళ్ళన్నా బాగుండాయి కదా, పోయి సూసొద్దామని వచ్చినాం."

ఏకాంబరం నరేంద్ర కాళ్ళ వైపు చూసి తల ఊపాడు. "ఒక్క పూటకే లేచి బండెక్కినాడు సూడు. మా చెనిక్కాయ నూనె కూడా తక్కువది కాదప్పా."

అందరూ సర్దుకొని కూర్చున్నారు. చంద్రకాంతమ్మ కొడుక్కీ కోడలికీ మధ్యలో కూర్చుంది. తూర్పున పొలాలు, చెరువులు దాటి, ఆకాశం అంచున ఒక వెలుగు పుట్టింది. మెల్లగా లేచింది. అది లేచేకొద్దీ కింద తోక పొడుగైంది. ఎవరూ మురుకు కొరకలేదు. అది నక్షత్రమంత చిన్నదయ్యాక చంద్రకాంతమ్మ అంది.

"ఇంతేనా? దీనికేనా మీ నాయన ఏండ్ల తరబడి, సూపిస్తా సూపిస్తా అని సెప్పినాడు!"

అని, అది కనబడకుండా పోయిన చోటునే చాలాసేపు చూస్తూ కూర్చుంది. నరేంద్ర ఆమె తల మీదుగా పల్లవిని చూశాడు. పల్లవి అతన్నే చూస్తోంది. మధ్యలో మురుకుల డబ్బా ఉంది.

తీరా లేవబోతే ముగ్గురి మోకాళ్ళూ లేవలేదు. ఎక్కడమైతే ఉత్సాహం మీద ఎక్కారు, దిగడం వేరే సంగతి. నరేంద్ర ముందు అమ్మను ఎక్కించుకొని కిందికి దిగబెట్టి వచ్చాడు. తర్వాత పంకజాక్షి, "మెల్లగా నాయనా, మెల్లగా" అని కొండ పొడుగునా అరిచింది. తర్వాత ఏకాంబరం, కనబడని క్లచ్చు తొక్కుతూనే దిగాడు. అంత బరువుకీ బండి ఎక్కడా తల వంచలేదు.

ఆఖరుసారి పైకి వచ్చేసరికి కొండ మీద పల్లవి ఒక్కతే ఉంది. పొద్దు గుంకింది. రాకెట్టు వదిలిన పొగ ఆకాశంలో మెలికలు తిరిగి, కింద చీకటి పడినా పైన ఇంకా తెల్లగా వెలుగుతోంది. నరేంద్ర ఇంజను ఆపాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. కాగిన షాకబ్జర్ల సీళ్ళలోంచి నూనె బొట్టు బొట్టుగా బండ మీద పడుతోంది.

"నరేంద్రా" అంది పల్లవి.

"ఊఁ."

"నీ బండి కాడ పకోడీల వాసన వస్తా ఉండాది."

అంతకు ముందు పిలిచిన తన పేరే ఇంకా అతని చెవిలో ఉంది. పొగ చెదిరిపోయిందాకా అక్కడే కూర్చున్నారు.

మరుసటి గురువారం, నరేంద్ర ఆర్డరు పెట్టిన అసలు మోకాళ్ళ నూనె వచ్చింది. చంద్రకాంతమ్మ రెండు దినాలు పూసి చూసి, ఇది డూప్లికేటు అని తేల్చేసింది.