నాలుగు వందల పన్నెండు వరసలు

జనన ధ్రువపత్రాల కార్యాలయంలోని కంప్యూటరు పొద్దున్నే మేలుకునేటప్పుడు ఎంత మాట్లాడాలనే విషయమై ఏర్పాటైన సంఘం, పద్నాలుగోసారి సమావేశమై, పదిహేనోసారి సమావేశం కావాలని ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

విషయం చిన్నది. అందుకే సంఘం పెద్దది. ఎంత పెద్దదంటే, కుర్చీలు చాలక సగం మంది పాత రిజిస్టర్లను దొంతర్లుగా పేర్చి వాటి మీద కూర్చున్నారు. కంప్యూటరు వచ్చాక ఆ రిజిస్టర్లకు దక్కిన మొదటి ఉద్యోగం అదే.

ఆ కంప్యూటరు మీట నొక్కగానే పనిలోకి దిగే రకం కాదు. ముందు తన ఒంట్లో ఏ భాగం ఎలా ఉందో తెర మీద ఏకరువు పెడుతుంది. ‘కీబోర్డు: సరే. ప్రింటరు: సరే. గడియారం: సరే.’ ఇలా నాలుగు వందల పన్నెండు వరసలు, పదకొండు నిమిషాలు. ఒంట్లో ఎలా ఉందని అత్తగారిని అడిగిన కోడలికైనా ఇంత వివరంగా జవాబు రాదు.

సంఘంలో రెండు పక్షాలు. హెడ్ గుమాస్తాది వాగుడు పక్షం. “వాగనివ్వండి సార్! ఈ ఆఫీసులో దాపరికం లేనిది అదొక్కటే” అంటాడాయన. అందరికన్నా ఎత్తుగా ఉండాలని రిజిస్టర్ల దొంతర మీద కూర్చున్న పెద్దసారుది మౌన పక్షం. యంత్రమన్నాక పని చెయ్యాలే గాని ప్రసంగాలు చెయ్యకూడదని ఆయన గంటన్నర ప్రసంగించారు. మేలుకుని బూట్ అయితే చాలు, భూతద్దం పెట్టి తన లోపాలు తానే చూపించుకోనక్కర్లేదన్నారు.

“బాగున్నవి వదిలేసి, బాగోలేనివి మాత్రం చెప్పమందాం సార్” అన్నాడు మరమ్మతుల నిపుణుడు. బాగోలేనివి చెప్పడం ఈ కార్యాలయ మర్యాద కాదంటూ రెండు పక్షాలూ చేయీ చేయీ కలిపి అతన్ని కూర్చోబెట్టాయి.

సమావేశం కంప్యూటరు గదిలోనే గనక, సమావేశం ఉన్న రోజు పత్రాలు ఇవ్వరు. దర్జీ ఒకాయన కూతురితో పద్నాలుగు రోజులుగా కిటికీ ముందు నిలబడుతున్నాడు. పిల్లకు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. పుట్టినట్టు పత్రం గడువులోగా చూపకపోతే ఆ సీటు ఇంకొకరిది.

ఇక్కడొక సంగతి మనవి చెయ్యాలి. ఆ యంత్రం మేలుకోవడం సంఘంలో ఒక్కరూ కళ్లారా చూడలేదు. వాళ్లొచ్చేది పదిన్నరకి. ఎనిమిదింటికే మీట నొక్కి, ఆ పదకొండు నిమిషాల్లో గది తుడిచేది ఊడ్చే మనిషి. ఆఫీసంతా ఆమెను పిన్ని అంటుంది. నాలుగు వందల పదకొండు వరసలు ఆకుపచ్చగా పోయేవి. ఒక్కటి మాత్రం ఎర్రగా వచ్చేది: ‘నకలు డిస్కు: విఫలం.’

“బాబూ, అదేదో ఎర్రగా విఫలమంటోంది రోజూ” అని ఏడు నెలలుగా ఆమె హెడ్ గుమాస్తాకు చెబుతూనే ఉంది.

“సరే పిన్నీ! మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయిగా? మావాడికి అన్ని మార్కులొస్తే ఆఫీసంతా మిఠాయి పంచుతాను.”

పదిహేనో సమావేశంలో మౌనం గెలిచింది. వరసలన్నీ దాచి, వాటి మీద నవ్వుతున్న పొద్దుతిరుగుడు పువ్వు పెట్టారు. కింద ‘అంతా క్షేమం’ అన్న అక్షరాలు.

మర్నాడు ఆ పువ్వు తెర మీంచి పోలేదు. అదే చిక్కయింది. పదకొండున్నరైనా నవ్వుతూనే ఉంది. దర్జీ కూతురి గడువు ఆ సాయంత్రం ఐదింటికి.

నిపుణుడొచ్చి పువ్వు తొలగించి చూశాడు. “అసలు డిస్కు పొద్దున పోయింది సార్. నకలు డిస్కు ఏడు నెలల కిందటే పోయింది.”

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. “చూడమ్మా, మా దగ్గర ఆధారం లేదు గనక నిబంధనల ప్రకారం నువ్వింకా పుట్టలేదు.”

“మరి ఇన్నాళ్లూ లైన్లో నా కాళ్లెందుకు నొప్పెట్టాయి సార్?” అంది పిల్ల.

ఇంతలో పిన్ని తడిగుడ్డ బకెట్లో పడేసి వచ్చింది. “ఏ ఏడు పుట్టావమ్మా?” అని అడిగి తెలుసుకుని, పెద్దసారు వైపు తిరిగింది. “కాస్త లేస్తారా సార్? ఆ పాప మీ కింద ఉంది.”

సారు లేచారు. ఆయన దొంతరలో పైనుంచి మూడో రిజిస్టరు. దర్జీ కూతురు, ఆడపిల్ల, ఉదయం ఆరుంబావు. రోజూ దుమ్ము దులిపే చేతికి ఏ ఏడు ఎవరి కింద ఉందో కంఠతా వచ్చు. నాలుగున్నరకల్లా చేతిరాత పత్రం పుచ్చుకుని తండ్రీకూతుళ్లు పరుగెత్తారు.

మర్నాడు విచారణ. యంత్రం చెప్పినది పై అధికారులకు ఎందుకు చెప్పలేదో అందరి ముందూ వివరించమని పిన్నిని నిలబెట్టారు.

“యంత్రం నాకు చెప్పింది. నేను మీకు చెప్పాను. చెప్పినప్పుడల్లా మీరు ‘సరే’ అన్నారు” అంది పిన్ని. “మీ మాటా పచ్చగానే ఉంది బాబూ.”

సభ్యులు గంభీరంగా తలలూపి, ఊడ్చే మనిషి పొద్దున్నే ఎంత మాట్లాడాలనే విషయమై కొత్త సంఘం వేశారు. రిజిస్టర్ల మీదే కూర్చున్నారు.

ఇందుకు పాఠకుల సమ్మతి కూడా కావాలట. కింద ‘సరే’ అని నొక్కండి. పైనున్నదంతా చదవనక్కర్లేదు. ఎప్పుడు చదివారు గనక!