తల వెనక క్లైమాక్స్

కర్టెన్లు కుట్టే మాస్టారు పెళ్లయిన కొత్తలో భార్యను ఒకే ఒక్కసారి సినిమా హాలుకు తీసుకెళ్లాడు. చల్లగాలి తగలగానే నిద్రపోయి గురక లంకించుకున్నాడు. జనం తెర వైపు చూడటం మానేసి ఆయన వైపు చూశారు. పరువు గంగలో కలిసిన మాస్టారు ఇంటికొచ్చి ఆవిడకు మాటిచ్చాడు. ఏ కొత్త సినిమా అయినా ఇంటికే తెస్తానని, తేలేకపోయిన రోజున మాత్రం హాలుకు తీసుకెళ్తానని.

తేలేకపోవడమన్నది ఎప్పుడూ జరగలేదు. దొంగ వెబ్‌సైట్ల పుణ్యమా అని, విడుదలైన సాయంత్రానికల్లా సినిమా వాళ్లింటి టీవీలోకి దిగేది. వీధి వీధంతా ఆయనకు 'ఫస్ట్ షో' అని పేరు పెట్టేసింది. అవన్నీ ఎవరో ఒళ్లో కెమెరా పెట్టుకుని దొంగచాటుగా తీసినవి. బొమ్మ ఒక పక్కకు ఒరిగి ఉండేది. వెనక ఒకాయన దగ్గుతూ ఉండేవాడు. సరిగ్గా క్లైమాక్స్ వేళకు ముందు వరుసలో ఒక పెద్ద తల లేచి నిలబడేది. హీరో తల్లి బతికిందో లేదో ఆ తలకే తెలియాలి.

అలాంటి సంసారంలో ఒక పొద్దున పిడుగులాంటి వార్త వచ్చింది. దొంగ వెబ్‌సైట్లన్నిటినీ మూయించే చట్టం తెస్తారట. ఆదివారం టౌన్‌హాల్లో ప్రజల అభిప్రాయాలు వింటారట.

మాస్టారి చేతిలో సూది ఆగిపోయింది. ఇంటావిడ మాత్రం ఇస్త్రీపెట్టె బయటికి తీసింది.

"ఇప్పుడు ఇస్త్రీ ఏమిటే?"

"హాలుకు వేసుకెళ్లే బట్టలండీ."

"చట్టం ఇంకా రాలేదు కదా."

"వచ్చాక ఇస్త్రీ చేస్తూ కూర్చుంటే మొదటి ఆట పోతుంది."

ఇక లాభం లేదనుకుని మాస్టారు వీధిని కూడగట్టాడు. అందరూ చట్టానికి వ్యతిరేకమే, కానీ సరదాకు చూస్తానని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. సెలూన్ ఆయన తను చూడనని, బావమరిది బాధ చూడలేక వస్తున్నానని అన్నాడు. పేషెంట్లు నోరు తెరిచి కూర్చోవాలంటే ఎదురుగా ఏదో ఒక సినిమా ఆడాలని పళ్ల డాక్టరు వాపోయాడు. లెక్కల టీచరైతే, హీరో ఎంతమందిని కొట్టాడో సరిచూడటానికే చూస్తానన్నాడు. టౌన్‌హాల్లో లేచి మాట్లాడితే దొంగ సినిమాల బాపతు వీళ్లేనని ముద్ర పడుతుందని అందరికీ గుబులు.

"ముసుగులు కట్టుకుందాం. నేను కుడతాను," అన్నాడు మాస్టారు.

ఆయనకు వృత్తిలో ఒక నియమం ఉంది. ఎవరి కర్టెన్లలో మిగిలిన ముక్క వాళ్లదే, ప్రాణం పోయినా ఇంకొకరికి వాడడు. ఆ నిజాయితీ కొద్దీ ఎవరి ముసుగు వాళ్లింటి గుడ్డతోనే శ్రద్ధగా కుట్టి పంచాడు. అందరూ కళ్లు మాత్రమే కనిపించేలా కట్టుకుని, తమను కన్నతల్లి కూడా పోల్చుకోలేదని మురిసిపోయారు.

ఆదివారం టౌన్‌హాల్లోకి వీధిలోని కిటికీలన్నీ నడిచొచ్చాయి. వెనక వరుసలో చేరిన ఆడవాళ్లు తాపీగా పోల్చుకోవడం మొదలుపెట్టారు. ఆ పొద్దుతిరుగుడు పువ్వులు సెలూన్ వాళ్ల ముందుగది, ఆ నీలం గళ్లు డాక్టరుగారి వంటిల్లు.

వేదిక మీది అధికారిణి చిలకల ముసుగాయన్ను మాట్లాడమంది. మాస్టారు గొంతు మార్చి, చట్టం వద్దే వద్దన్నాడు.

"మీరు ఆ సినిమాలు చూస్తారా?"

"ఛ, మా ఇంట్లోకి వాటి గాలి కూడా రానివ్వనండీ."

"మరి మీకొచ్చిన నష్టమేమిటి?"

మాస్టారు ముసుగు సర్దుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కదా అని, "వెనక దగ్గే ఆయన ఆరోగ్యం ఎలా ఉందో ఇక తెలియదు కదండీ," అన్నాడు. చూడని మనిషికి దగ్గు ఎలా వినిపించిందని ఆవిడ అడిగింది. సెలూన్ ఆయన బావమరిది చెప్పాడని మాస్టారు తప్పించుకోబోయాడు. పొద్దుతిరుగుడు పువ్వులు తల వాల్చేశాయి.

అప్పుడు వెనక వరుసలో ఇంటావిడ లేచింది.

"ఆ చిలకలు మా పడకగది కిటికీవమ్మా. లోపలున్నది మా ఆయన. ఇన్నేళ్లలో ఎన్ని సినిమాలు చూశానో, ఒక్క క్లైమాక్సూ చూడలేదు. అన్నిటికీ ఒక తల అడ్డం. మీ చట్టం ఎప్పుడొచ్చినా నాకు పరవాలేదు. ఆ సినిమాలు ఇంట్లోకి రానివ్వనని మా ఆయన ఇంతమందిలో చెప్పారు. అది రాసుకోండి చాలు. మాట తప్పే మనిషి కాదు."

మిగతా ఆడవాళ్లు కూడా లేచి, ఎవరి కర్టెన్లను వాళ్లు చూపించి అదే రాయించారు.

చట్టం ఇంకా పరిశీలనలోనే ఉంది. కిటికీలు మాత్రం ఆ సాయంత్రమే భార్యల పక్కన సినిమా హాల్లో కూర్చున్నాయి. మాస్టారు తొడ గిల్లుకుంటూ విశ్రాంతి దాకా నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత చల్లగాలి గెలిచింది. గురక అందుకోగానే ఇంటావిడ సంచిలోంచి చిలకల ముసుగు తీసి, పరువు దక్కించడానికి ఆయన ముఖానికి కట్టింది. "ఫస్ట్ షో పడుకున్నాడు," అని వెనక వరుసంతా చెప్పుకుంది.

మెలకువ వచ్చేసరికి దీపాలు వెలిగాయి. ఇంటావిడ కళ్లు తడిగా మెరుస్తున్నాయి. ఆవిడ అంత సంతోషంగా ఉండటం మాస్టారు ఎన్నేళ్ల నుంచో చూడలేదు, తనమీద తనకే సిగ్గేసింది. ముసుగు కిందికి లాగి మెల్లగా అడిగాడు.

"ఇంతకీ హీరో తల్లి బతికిందా?"

"నేను చెప్పను. రేపు మళ్లీ వస్తున్నాంగా, మెలకువగా ఉండి మీరే చూడండి."