నేరమంతా పొట్టదే

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. గోల్ బజార్ దగ్గరి ల్యాబులో సూర్యం నెత్తురిచ్చి, తిరుగుదారిలో సమోసాలు తినాలి. అతనికి సూదంటే భయం. ధైర్యానికి పెళ్లాం కనకం కూడా పక్కన కూర్చుని తనూ సూదికి చెయ్యి చాపింది.

మర్నాడు ల్యాబు నుంచి ఫోను. మీ ఇద్దరిలో ఒకరికి కొలెస్ట్రాల్ చాలా ఎక్కువగా ఉంది, డాక్టరుకు చూపించండి అన్నారు. ఎవరికని అడగకుండానే కనకం పెట్టేసింది. అడగడం దేనికి? సూర్యం పొట్ట ఎదురుగా కుర్చీలోనే ఉంది. తనేమో రోజూ తెల్లారి ఉస్లాపూర్ వైపు నడిచే మనిషి. నూనె ముట్టదు. చీపురుపుల్లలా ఉంటుంది.

"మా అయ్య నలభై అయిదుకే గుండె ఆగి పోయాడు. మా అన్నా అంతే. నిన్నూ పోనిచ్చీమంటావేటి మావా?" అంది.

అక్కడితో ఆగితే కనకం ఎందుకవుతుంది? రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో సూర్యం గ్యాంగంతా టిఫిన్లు కలిపేసుకుని తింటారు. ఒక్కడి డబ్బా మారితే చాలదు, అందరివీ మారాలి. కనకం ప్రతి క్వార్టరు మెట్లూ ఎక్కి దిగింది. అంతే, గ్యాంగంతా ఉడకబెట్టిన సొరకాయ మీద పడ్డారు. గేటు దగ్గర సమోసాల బండివాడు సూర్యాన్ని చూస్తే మూత పెట్టేస్తున్నాడు. యూనియన్ పిలిచినా కదలని జనం తెల్లారకుండానే లేచి ఆమె వెనక నడుస్తున్నారు. సూర్యానికి ఒళ్లు మండింది. లోపల్లోపల గర్వంగానూ ఉంది.

చివరికి గ్యాంగు తిరగబడింది. అందరి తరఫునా చంద్రమౌళి, "వదినా, ఇంక సొరకాయ గొంతు దిగదు. నయమైందో లేదో డాక్టరమ్మనే అడుగుదాం పద" అన్నాడు. దారిలో ల్యాబులో అన్నాళ్లూ పడి ఉన్న రిపోర్టులు తీసుకుని అందరూ వెళ్లారు.

డాక్టర్ అనంతలక్ష్మి కనకం అయ్య, అన్నల సంగతి విని, రెండు రిపోర్టులూ తిప్పి చూసింది.

"ఎక్కువున్నది నీకమ్మా. మీ అయ్య నెత్తురు నీలో ఉంది గాని మీ ఆయనలో ఎక్కడిది?"

అంతమందిలో కనకం మాటకు ఎవరైనా అడ్డం పడటం సూర్యం అదే మొదటిసారి చూడటం. తిండీ నడకా ఆమెకు మేలే చేశాయట గాని, వంశంలో వచ్చినదానికి అవి మాత్రమే చాలవట. మాత్ర వేసుకోవాలి, పిల్లలకూ పరీక్ష చేయించాలి. సూర్యం నెత్తురు ఈసారికి బాగానే ఉంది, కానీ ఆ పొట్ట కూడా గుండెకు ముప్పే అని చెప్పింది డాక్టరు.

సూర్యం కనకం చెయ్యి పట్టుకున్నాడు. "మాత్రేస్కో కనకం. నువ్వుండాల."

"ఏస్కుంటాను. నువ్వు నడు."

మర్నాడు కనకం మాత్ర వేసుకుని ముందు నడిచింది. వెనక సూర్యం, ఆ వెనక గ్యాంగు. డబ్బాల్లో మళ్లీ సొరకాయే.

నేరం పొట్టది కాదని తేలినా, శిక్ష మాత్రం దానికే పడింది.