దారి డబ్బా ఎంపిక కమిటీ

"ఈ క్షణం నుంచి మన వైద్య శాఖలో దారి తప్పడం నిషేధం!" అని మంత్రిగారు ప్రకటించిన సభలో మూడో వరసలో నేనూ ఉన్నాను. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది నేనే. ఎందుకంటే ఆ చారిత్రక ప్రకటనకు మూలపురుషుణ్ణి నేను. పదిహేనేళ్లుగా ఆ శాఖలో అంబులెన్స్ నడుపుతున్నాను. శాఖ మొత్తంలో ఎక్కువసార్లు దారి తప్పిన ఘనత నాదే.

మా ఆస్పత్రికి ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఒక ఊరుంది. మొదటి ఇరవై రెండు కిలోమీటర్లు తారు రోడ్డు. తరవాత వాగు. వాగు దాటాక చక్రాల జాడలు నాలుగు వైపులకు చీలిపోతాయి. గట్టిగా ఒక వాన కురిస్తే అవీ ఉండవు. కిందటేడు ఆ ఊళ్లో ఒక పెద్దాయనకి గుండెనొప్పి అని ఫోనొస్తే రెండో జాడ పట్టుకుని వెళ్లాను. పట్టుకోవలసింది మూడోది. నేను చేరేసరికి ఆయనకి నా బండితో పని లేకుండా పోయింది. ఆయన కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు సరికదా, చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నాలుగు తిట్టినా బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ కొండ ఊళ్లో పనిచేసే నర్సమ్మని మేమంతా సిస్టర్ అంటాం. ఆవిడ మంత్రిగారికి అర్జీ పెట్టుకుంది. ఫోన్ సిగ్నల్ అందని చోట, రోడ్డు లేని చోట కూడా దారి చూపించే జీపీఎస్ డబ్బా ఒకటి అంబులెన్స్‌కి ఇప్పించమని అడిగింది. ఊళ్లో ఒకామెకి వచ్చే నెల ఇరవయ్యో తారీకు ప్రాంతంలో కాన్పు వస్తుందని, మొదటి కాన్పులో రక్తం పోయి చావు తప్పి బయటపడిందని, ఈసారి ఆస్పత్రికి చేరకపోతే దక్కదని కింద రాసింది. డబ్బా అంతకుముందే రావాలని ఆ వాక్యం కింద రెండు గీతలు గీసింది.

మంత్రిగారు చలించిపోయారు. చలించిన రోజే ఉన్నతస్థాయి కమిటీ వేశారు. డైరెక్టరుగారు అధ్యక్షులు. అర్జీదారు కాబట్టి సిస్టర్ సభ్యురాలు. బండి నడిపేవాడి గొంతు కూడా వినిపించాలని నన్నూ సభ్యుణ్ణి చేశారు. బండి తీసుకురావడం, అభిప్రాయాలు తీసుకురాకపోవడం నా బాధ్యతలని డైరెక్టరుగారి గుమాస్తా ముందే చెప్పాడు.

మొదటి సమావేశంలోనే డైరెక్టరుగారు తల పట్టుకున్నారు.

"ఒక చిక్కొచ్చిపడింది. కిందటేడు ఆఖరికల్లా ప్రతి ఊరికీ తారు రోడ్డు పూర్తయిపోయిందని మన మంత్రిగారే ప్రకటించారు. ఇప్పుడు రోడ్డు లేని చోట పనిచేసే యంత్రం కొన్నామంటే, రోడ్డు లేని చోటు ఉందని ఒప్పుకున్నట్టే కదా?"

"లేదు కదండీ" అంది సిస్టర్.

"ఏది లేదు?"

"రోడ్డండీ."

"రికార్డులో ఉందమ్మా."

"నేను పోయిన వారం కూడా ఆ కొండ దిగి వచ్చానండీ. రోడ్డు లేదు."

"నువ్వు నడిచి వచ్చావు. నడిచేవాళ్లకి రోడ్డు కనపడకపోవచ్చు."

ఆ సంభాషణని గుమాస్తా మినిట్స్‌లో ఇలా రాసుకున్నాడు: రోడ్ల విషయమై సిస్టర్ తన సంతృప్తిని తెలియజేశారు.

మధ్యాహ్నం మూడింటికి డైరెక్టరుగారే పరిష్కారం కనిపెట్టారు. కొనుగోలు కాగితాల్లో 'ఆఫ్‌రోడ్' అన్న మాట కొట్టేసి 'ప్రాథమిక దశలోని రహదారి' అని రాయించారు. ఇంత మేధస్సు ఒక్క శాఖలో ఇరుక్కుపోవడం దేశానికి నష్టమే అని నాకు అనిపించింది.

ఇక పరీక్ష. ఏ డబ్బా మంచిదో తేలాలంటే అధ్వాన్నమైన దారి ఒకటి కావాలి. కొండ ఊరికి పోదామని సిస్టర్ అంది. అక్కడ రికార్డు ప్రకారం తారు రోడ్డుంది కాబట్టి పరీక్షకి పనికిరాదని డైరెక్టరుగారు తోసిపుచ్చారు. అందుచేత ఆయన ఆఫీసు ముందున్న శుభ్రమైన రోడ్డుని రెండువందల మీటర్ల మేర తవ్వించారు. నాలుగు రోజులు యంత్రాలు పనిచేశాయి. ఫైరింజన్ తెప్పించి బురద చేశారు. లారీలతో బండరాళ్లు పోయించారు.

"ఇన్ని రాళ్లు ఎక్కణ్నుంచి తెచ్చారన్నా?" అని లారీ డ్రైవర్ని అడిగాను.

"కొండ ఊరి రోడ్డు కోసం వాగు దగ్గర గుట్టపోసినవి. అక్కడ ఎలాగూ పూర్తయిపోయిందంట కదా" అన్నాడు.

పరీక్ష రోజున మంత్రిగారు స్వయంగా నా పక్క సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో డైరెక్టరుగారు, సిస్టర్. బరిలో మూడు డబ్బాలున్నాయి.

మొదటిది అరచేతిలో పట్టేంత ఉంది. దాన్ని తెచ్చిన ముసలాయన చొక్కాకి దారి దుమ్ము ఇంకా అంటుకునే ఉంది. ఫోన్ సిగ్నల్ అక్కర్లేదని, ఉపగ్రహాలతో పనిచేస్తుందని, ఒకసారి సరిగ్గా వెళ్లిన దారిని గుర్తు పెట్టుకుని మళ్లీ అదే దారిన తీసుకుపోతుందని రెండు ముక్కల్లో చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బండిని బురదలోకి దింపగానే అది నెమ్మదిగా పలికింది: "మీరు రోడ్డు మీద లేరు."

మంత్రిగారు నావైపు తిరిగారు. "ఏమంటోంది?"

"రోడ్డు మీద లేమంటోంది సార్."

"ఎవర్ని?"

"మనల్నే సార్."

"నా ఎదురుగానే?"

"సార్, దీని గొంతే ప్రతిపక్షం గొంతులా ఉంది" అన్నారు డైరెక్టరుగారు వెనకనుంచి.

"మాకు కావలసింది ఇదేనండీ. ఉన్నది ఉన్నట్టు చెప్తోంది" అంది సిస్టర్. ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. ముసలాయన డబ్బా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

రెండోది భోజనం పళ్లెమంత ఉంది. పాటలు పాడుతుంది, ఆటల స్కోర్లు చెప్తుంది, రంగులు మారుస్తుంది. మంత్రిగారు ముచ్చటపడి చూస్తుండగా అది "వీలు చూసుకుని వెనక్కి తిరగండి" అంది.

"మా పార్టీ వెనక్కి తిరగదు" అన్నారు మంత్రిగారు. దాంతో దాని పని అయిపోయింది.

మూడో డబ్బాని తెచ్చిన కుర్రాడు టై కట్టుకున్నాడు. మీట నొక్కకముందే చేతులు కట్టుకుని అడిగాడు, "సార్, మీకు ఏం చూపించమంటారు?"

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ప్రజాసేవలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. శాఖ దగ్గరున్న రోడ్ల మ్యాపుని కుర్రాడు అందులోకి ఎక్కించాడు. నేను బండి కదిలించాను. పది అడుగులు వెళ్లామో లేదో వెనక చక్రం బురదలో దిగబడిపోయింది. తొక్కినకొద్దీ ఇంకా దిగుతోంది. స్క్రీన్ మీద మాత్రం నల్లగా నిగనిగలాడే రోడ్డు, రెండు పక్కలా చెట్లు, మధ్యలో మా బండి హాయిగా దూసుకుపోతోంది. కాసేపటికి గంట మోగింది. "మీరు గమ్యం చేరుకున్నారు. అభినందనలు!"

మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

"సార్, బండి కదల్లేదు" అన్నాను నేను, బాధ్యత మరిచిపోయి.

"అదే సార్ దీని గొప్పతనం. సిగ్నల్ పోయినా, దారి పోయినా, ఆ టైముకి బండి ఎక్కడ ఉండాలో అక్కడే చూపిస్తుంది. బండి ఆగినా ప్రయాణం ఆగదు!" అన్నాడు కుర్రాడు.

ఆ చివరి వాక్యాన్ని మంత్రిగారు కాగితం మీద రాసుకున్నారు. వాళ్లంతా సంతకాలకి లోపలికి వెళ్లాక నేనూ సిస్టరూ వాచ్‌మనూ కలిసి బండిని బయటికి తోశాం.

"అన్నా, నువ్వు కూడా కమిటీలో ఉన్నావు కదా. ఆ మొదటిదే కావాలని ఒక్క ముక్క గట్టిగా అనలేకపోయావా?" అంది సిస్టర్, చేతుల బురద కడుక్కుంటూ.

"నాకూ పెళ్లాం పిల్లలున్నారు సిస్టర్. ఉద్యోగం..."

"ఆ కాన్పు రావలసినామెకీ మొగుడూ బిడ్డా ఉన్నారన్నా. ఇంక పంతొమ్మిది రోజులే ఉంది."

నాకు సిగ్గేసింది. టైరుకి అంటిన బురద గీకడం మొదలుపెట్టాను. ఆవిడే అంది, "సరేలే. వాగు దగ్గర్నుంచి మూడో జాడ పొడుగునా చెట్లకి గాయాలకి వాడే తెల్లగుడ్డ ముక్కలు కడతాను. వాటిని చూసుకుంటూ రా."

పద్దెనిమిదో తారీకు పొద్దున్న పదింటికి ఫోనొచ్చింది. సిగ్నల్ అందే బండరాయి ఎక్కి సిస్టర్ అరుస్తోంది. "నొప్పులు మొదలయ్యాయన్నా! బయల్దేరు!"

బయల్దేరాను. బండికి బిగించిన ఆ మూడో డబ్బా చెప్పిన దారి తప్ప ఇంకో దారి తొక్కితే క్రమశిక్షణ చర్య తప్పదని మాకు అప్పటికే సర్క్యులర్ వచ్చింది. అంచేత వాగు దాటేదాకా అది చెప్పినట్టే విన్నాను. దాటాక "నేరుగా వెళ్లండి" అంది. నేరుగా తాటిచెట్టంత ఎత్తున రాతిగోడ ఉంది. నేను ఆగాను. అది ఆగలేదు. పదకొండు దాటాక గంట మోగించి "మీరు గమ్యం చేరుకున్నారు. అభినందనలు!" అంది. చుట్టూ చూశాను. ముళ్లపొదలు, ఒక తొండ.

వెంటనే కంట్రోల్ రూమ్ అధికారి ఫోన్. "శభాష్! గంటా పది నిమిషాల్లో చేరావు! శాఖ చరిత్రలో రికార్డయ్యా!"

"సార్, నేనింకా వాగు దగ్గరే ఉన్నాను."

"స్క్రీన్ మీద ఊళ్లో ఉన్నావు. నీకు తెలుసా, స్క్రీన్‌కి తెలుసా?"

అదే సమయంలో సిస్టర్ కూడా మళ్లీ బండరాయి ఎక్కి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసిందట. బండి ఏదని అడిగితే "మీ గుమ్మం ముందే ఉందమ్మా, ఎక్కించండి" అన్నారట.

"గుమ్మం ముందు మేకే ఉందండీ."

"మేకని పక్కకి తోలి చూడండి."

నాకు కోపం వచ్చింది. పదిహేనేళ్ల సర్వీసులో డ్యూటీలో ఉండగా కోపం తెచ్చుకోవడం అదే మొదలు. డబ్బాని పీకి సీటు కిందకి విసిరేసి, చెట్లకున్న తెల్లగుడ్డ ముక్కలు వెతుక్కుంటూ బండి తిప్పాను. సీటు కింద అది మాట్లాడుతూనే ఉంది. "రోగిని ఎక్కించుకున్నారు. అభినందనలు!"

సగం దారిలో వాళ్లు ఎదురొచ్చారు. నలుగురు మనుషులు మంచం మోస్తున్నారు. పక్కనే సిస్టర్. బిడ్డ అప్పటికే మంచం మీదే పుట్టేసింది. ఆడపిల్ల. తల్లి పెదాలు పాలిపోయాయి, దుప్పటి రక్తంతో తడిసిపోయింది. సిస్టర్ ఆమె పొట్టని రెండు చేతులతో అదిమి పట్టుకుని, చెయ్యి తీయకుండానే బండి ఎక్కింది. "అన్నా, ఇంక ఎక్కడా ఆపకు" అని మాత్రం అంది. నేను ఆపలేదు. ఎన్ని రాళ్ల మీద ఎగిరానో, వాగులో ఎంతసేపు కొట్టుకున్నానో నాకు గుర్తులేదు.

నాలుగున్నరకి ఆస్పత్రి చేరాం. గేటు దగ్గర విలేకరుల కోసం వేసిన కుర్చీలు ఎత్తేస్తున్నారు. రోగి చేరిందని పన్నెండున్నరకే స్క్రీన్ చెప్పడంతో మంత్రిగారు పళ్లబుట్టతో విచ్చేశారట. మంచం ఖాళీగా ఉంటే ఫొటో బాగుండదని దుప్పటి కింద రెండు దిండ్లు పెట్టారట. మంత్రిగారు దిండ్లని కుశలం అడిగి, తల్లీబిడ్డా ఎంతో సంతోషంగా ఉన్నారని విలేకరులకి చెప్పి వెళ్లారట.

ట్రాలీ తోసుకుంటూ లోపలికి పరిగెత్తాం. కౌంటర్ దగ్గర ఆస్పత్రి గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కంప్యూటర్ కూడా ఇప్పుడు ఆ డబ్బాలు చెప్పినట్టే వింటుంది.

"ఈవిణ్ని చేర్చుకోవడం కుదరదు సిస్టర్. పన్నెండున్నరకే చేరిపోయారు. కాన్పయింది. మూడింటికి డిశ్చార్జ్ కూడా చేసేశాం."

"రక్తం పోతోందయ్యా! పక్కకి జరుగు!" అంటూ సిస్టర్ ట్రాలీతో ఆయన చేతిని తోసేసింది. ఆ కేకకి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి, నడవాలోనే సెలైన్ ఎక్కించి, రక్తం బాటిల్ కోసం మనిషిని తరిమింది.

గుమాస్తా చెడ్డవాడేం కాదు. తన తప్పేమీ లేదని ఆ తల్లికి చెప్పుకోవాలనుకున్నాడు. స్క్రీన్‌ని ట్రాలీ వైపు తిప్పాడు.

"చూడమ్మా, నాలుగింటికి మిమ్మల్ని ఇంటి దగ్గర దింపేశాం. ఇదిగో ఈ చుక్క మీరే. మీరిప్పుడు మీ ఇంట్లోనే ఉన్నారు."

గుండెల మీద బిడ్డతో ఆమె మెల్లగా కళ్లు తెరిచింది. ఆ చుక్క వైపు కాసేపు చూసింది.

"అయితే అయ్యా, మా పెద్దదాన్ని పక్కింట్లో వదిలేసి వచ్చాను. పొద్దున్నుంచీ ఏమన్నా తిందో లేదో, కాస్త చూసి చెప్తారా?"

గుమాస్తా కళ్లజోడు సరిచేసుకుని స్క్రీన్ మీదకి వంగాడు.