నవాబు దుంగ

ఆ ఆదివారం పొద్దున బర్కతుల్లా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఇంటి ఓనరు మాలకొండమ్మ ఉదయగిరి నుంచి సాయంత్రం తిరిగొచ్చేలోగా ఆమె ఇత్తడి గంగాళంలో ఒక దుంగను ఉడకబెట్టాలి. తర్వాత గంగాళాన్ని చింతపండు వేసి తోమి, ఎక్కడిదక్కడ బోర్లించెయ్యాలి. అడిగితే ఆమె ఇవ్వదు కాబట్టి అడగలేదు.

దుంగ నవాబు కోసం. నవాబంటే తాబేలు. సంగం కాలువ గట్టున దొరికినప్పుడు అరచేయంత ఉండేది, మూడేళ్లలో పళ్లెమంత అయింది. బర్కతుల్లా ఆత్మకూరు తాలూకా ఆఫీసులో గుమాస్తా. అక్కడ అతని మాట వినే నాథుడు లేడు. సాయంత్రం పెరట్లో సిమెంటు తొట్టి పక్కన కూర్చుంటే నవాబు మాత్రం మెడ చాచి అంతా వినేది. అలాంటిది వారం రోజులుగా కళ్లు వాచి, మేత ముట్టకుండా అడుగున పడుంది. బర్కతుల్లాకూ అన్నం సయించడం లేదు.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు జనార్దనయ్య వచ్చి చూశాడు. "నీళ్లలో ఉండేదైనా రోజూ పైకెక్కి ఎండలో ఒళ్లు ఆరబెట్టుకోవాలయ్యా. ఈ నున్నటి గోడలు అదెట్టా ఎక్కుద్ది? ఒక దుంగ ఏటవాలుగా వెయ్యి. తొక్క తీసి, ఉప్పు నీళ్లలో రంగు దిగకుండా పొయ్యేదాకా ఉడకబెట్టి, ఆరినాక వెయ్యి. పచ్చిగా వేసినావంటే పసరు దిగి ఉన్న ప్రాణం గూడా పోద్ది."

బర్కతుల్లా సోమశిల దాకా పోయి, డ్యాం నీళ్ల అంచున కొట్టుకొచ్చి పడున్న మోడొకదాన్ని బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. నాలుగున్నర అడుగుల పొడవు, ఒక కొసన గుండ్రటి బుడిపె. కోసి పొట్టి చేద్దామంటే మనసొప్పలేదు.

మాలకొండమ్మ పెట్టిన గడువు ఆ రోజుతో సరి. చెల్లెలు రామసుబ్బమ్మను చూడటానికి తొలి బస్సుకు పోతూ గడపలో నిలబడి చెప్పింది. "తాబేలు ఇంట్లో చస్తే అరిష్టంరా బర్కతూ. సాయంత్రం వచ్చి చూస్తా. మందో మాకో వెయ్యకుండా ఇట్టాగే పెట్టుకోనుండావంటే రేపు దాన్ని పెన్నలో వదిలిపెట్టాల. లేదంటే ఇల్లన్నా వదిలిపెట్టాల." పుట్టింటికి పోతానని బర్కతుల్లా భార్య దిల్షాద్ బేగం కూడా ఆమెతోనే బయల్దేరింది.

పెరట్లో పొయ్యి పెడితే పొగ నవాబు కళ్లకు తగులుతుంది. అందుకని బర్కతుల్లా ముందు వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, గంగాళం ఎక్కించి మంట వేశాడు. నీళ్లు కాగేలోగా తొక్క మెత్తబడాలని దుంగకు తడిపిన తెల్ల దుప్పటి కప్పి అరుగు మీద పడుకోబెట్టాడు. చూస్తే కట్టెలు చాలవు. తలుపు దగ్గరగా వేసి, సైకిలెక్కి కట్టెల అడితికి పోయాడు. ఆదివారం కదా, అది మూసి ఉంది. నెల్లూరు రోడ్డులో ఇంకోటి ఉందంటే అటు తొక్కాడు.

పక్కింటి వెంకమ్మ వాకిలి ఊడుద్దామని బయటికి వచ్చింది. మాలకొండమ్మ మునగ కొమ్మ తన గోడ మీదికి వంగిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్లుగా, వాళ్లిద్దరికీ మాటల్లేవు. వెంకమ్మ వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి చూసింది. గంగాళం నిండా నీళ్లు చూసింది. అరుగు మీద తెల్ల దుప్పటి కింద అచ్చం మాలకొండమ్మలా పొట్టిగా, సన్నగా పడుకున్న మనిషిని చూసింది. అలాంటి చోట ఎవరూ ఏమీ అడగరు. ఆమె చీపురు కింద పడేసి నోట్లో కొంగు కుక్కుకుంది.

పావుగంటలో వీధి వీధంతా అక్కడుంది. చావింటికి ఉత్త చేతులతో రాకూడదని తలా రెండు కట్టెలు తెచ్చి వాకిట్లో వేశారు. పొయ్యి ఆరకుండా ఎవరో ఎగదోశారు. ఒకరు మొహం చూద్దామని దుప్పటి మీద చెయ్యి వేస్తే వెంకమ్మ కసిరింది.

"తోడబుట్టింది రాకముందే తీస్తావా? ఒరే ఆదెయ్యా, నువ్వు బస్టాండుకు పో. ఉదయగిరి బస్సు కండక్టరుకు చెప్పి రామసుబ్బమ్మకు కబురంపించు."

కట్టెల మోపుతో తిరిగొచ్చిన బర్కతుల్లాకు గుమ్మం ముందు జనం కనిపించారు.

"ఎవురు?" అన్నాడు.

"మాలకొండమ్మ పోయినాది నాయనా" అంది వెంకమ్మ.

సైకిలు అలాగే వదిలేశాడు. బస్సు ఏ లోయలోనో పడిందనుకున్నాడు.

"మరి దిల్షాదో?"

"ఆ పిల్ల ఈడ లేదే" అన్నారు నలుగురూ ఒకేసారి. బర్కతుల్లా కూలబడి బావురుమన్నాడు. అద్దెకున్నవాడే ఇంత ఏడుస్తుంటే వీధికి కన్నీళ్లు ఆగలేదు. అతను పాక్కుంటూ పోయి అరుగు మీది పాదాలకు తల ఆనించాడు. అప్పుడు కంటికి ఆనింది, దుప్పటి అంచున నీలం సిరా మరక. తన దుప్పటి. తన సిరా.

చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. కానీ వెంకమ్మ అప్పటికే అతన్ని పక్కకు నెట్టి దుంగ మీద పడింది.

"అక్కా, తప్పంతా నాదే. నీ మునక్కాయలు రాత్రిళ్లు కోసుకుంది నేనే. నీ చేతి పులుసు తిని పదకొండేళ్లయిందే. నీయంత మంచిది ఈ ఆత్మకూరులో యాడుండాది?"

"ఇంకొంచెం గట్టిగా చెప్పు వెంకీ. ఎనక నిలబడినోళ్లకు వినబళ్లా."

అందరూ వెనక్కి తిరిగారు. గుంపు చివర చేతిసంచి పట్టుకుని మాలకొండమ్మ, ఆమె పక్కన దిల్షాద్, ఆ పక్కన ఆదెయ్య ఉన్నారు. చెల్లెలు ఊళ్లో లేకపోయేసరికి, పెద్దామెను ఒంటరిగా పంపలేక దిల్షాద్ కూడా పుట్టిల్లు మానుకుంది, ఇద్దరూ వెంటనే బస్సెక్కి వచ్చేశారు. ఆత్మకూరులో దిగుతుంటేనే ఆదెయ్య కండక్టరుకు మాలకొండమ్మ చావు కబురు చెబుతున్నాడు. ఆమె వాణ్ణి నోరెత్తొద్దని చెప్పి, వచ్చి వెనక నిలబడి మొదట్నుంచీ విన్నది.

వెంకమ్మ కెవ్వుమని దుప్పటి లాగింది. కింద మోడు తేలింది. మాలకొండమ్మ మోడును చూసింది, తర్వాత మసిబారిన తన గంగాళాన్ని చూసింది. బర్కతుల్లా ఒకే ఊపిరిలో తాబేలు, కాంపౌండరు, సోమశిల అన్నీ చెప్పేశాడు. "ఇల్లు ఖాళీ చేస్తా పెద్దమ్మా. నవాబును మాత్రం బతకనియ్యి" అన్నాడు చివర.

మాలకొండమ్మ అరుగు మీద దుంగ పక్కనే కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

"పదకొండేళ్ల తర్వాత అక్కా అనిందిరా ఇది. నేను నిజంగా పోయింటే నాకు వినబడి ఉండునా? ఇన్ని కట్టెలు తెచ్చినారు గదా, ఒక కొస ఉడికినాక తిప్పేసి రెండో కొస గూడా బాగా ఉడకబెట్టు. ఇల్లు యాడికీ పోదు, తాబేలూ పోదు."

దుంగ వారం ఎండింది. తొట్టిలో వేసిన మర్నాడే నవాబు దాని మీదికెక్కింది. పదో రోజుకు కళ్లు తెరిచింది. అరుగు మీద చెప్పిందంతా మళ్లీ చెప్పమని మాలకొండమ్మ రోజూ అడుగుతుండటంతో, సరిగ్గా ఆ పదో రోజునే వెంకమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది.