నువ్వే ఏదో నొక్కి ఉంటవ్!

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. యూనివర్సల్ రిమోట్ కొనడానికి ఇన్నేళ్లు ఎందుకు ఆగినట్టు?

ప్రతి ఇంట్లోనూ అదొకటి ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. రేషన్ కార్డు మీద ఇచ్చినా తప్పులేదు. నవ్వకండి! అది చేసే మేలు తెలిస్తే మీరూ నాతో కలిసి అర్జీ పెడతారు.

అంతకుముందు మా ఇంట్లో నాలుగు రిమోట్లుండేవి. టీవీకొకటి, కేబుల్ డబ్బాకొకటి, ఏసీకొకటి, హోమ్ థియేటర్‌కొకటి. బొగ్గు దుమ్ము పడకుండా అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు, తొడుగులకు రబ్బరు బ్యాండ్లు. ఏది నొక్కితే ఏది పలుకుతుందో అందరికీ తెలుసు. అంత తేలిగ్గా ఉంటే ఇక ఇంటాయనకు విలువేముంటుంది?

మా ఆయన పేరు మొగిలి. గోదావరిఖనిలో మా కాలనీ కరెంటు పనులన్నీ చూసే ఫోర్‌మన్. ఆయన ఆ నాలుగింటినీ బీరువాలో పెట్టి తాళం వేసి, మూరెడు పొడవున్న కొత్త రిమోట్ ఒకటి తెచ్చారు. గనిలో మిషన్ల దగ్గర రాసి ఉండే మాటే ఇంట్లోనూ ప్రకటించారు.

"ఆథరైజ్డ్ పర్సన్ తప్ప ఎవ్వలు ముట్టొద్దు."

ఆ ఆథరైజ్డ్ పర్సన్ ఎవరో నేను చెప్పాలా?

ఇక దానివల్ల మనిషికి అలవడే ఓర్పు చూడండి. కొత్త రిమోట్‌కు మన హోమ్ థియేటర్‌ను పరిచయం చేయడానికి ఒక పద్ధతుంది. ఎర్రలైటు వెలిగేదాకా ఒక బటన్ నొక్కి పట్టుకోవాలి. ఆపైన కోడ్ కొట్టాలి. లైటు ఆరితే సంబరపడాలి. ఆన్ చేసి సౌండ్ పెంచి చూడాలి. రాకపోతే ఇంకో కోడ్. పెళ్లి సంబంధాలు కూడా ఇంత ఓపిగ్గా ఎవరూ చూడరు!

ఆ వారం ఆయనది సెకండ్ షిఫ్టు. పొద్దున్నంతా ఖాళీ. టిఫిన్ కాగానే, కిటికీ కింద ఉన్న మా సౌండ్ బాక్సు వైపు రిమోట్ గురిపెట్టి కూర్చునేవారు.

నాకూ ఆరోగ్యం బాగుపడింది. ఆయన డ్యూటీకి వెళ్లాక పాట వినాలనిపిస్తే, నేను లేచి, నడిచి, వంగి, బాక్సు మీది బటన్ నొక్కి, మళ్లీ నడిచి వచ్చి కూర్చునేదాన్ని. ఇంతలో పాట అయిపోయేది. జిమ్ముకు వెళ్లేవాళ్లను చూస్తే జాలేసేది.

అన్నిటికన్నా పెద్ద మేలు ఇరుగుపొరుగు సంబంధాల్లో జరిగింది.

"ఇగ వస్తది సూడు" అంటూ మా ఆయన ఆన్ నొక్కి సౌండ్ పెంచేవారు. మా బాక్సు ఉలకదు, పలకదు. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల, బట్టల తీగ దాటితే వచ్చే మక్సూద్ భాయ్ క్వార్టర్‌లోంచి ఢమఢమ మోత!

"ఈ భాయ్‌కి అకల్ ఉన్నదా? పొద్దుగాల గింత సౌండా!" అని విసుక్కుంటూ ఆయన మరో రెండుసార్లు నొక్కేవారు. మోత మరో రెండింతలయ్యేది.

పాపం, మక్సూద్ భాయ్‌కి ఆ వారం నైట్ షిఫ్టు. పొద్దున వచ్చి పడుకుంటాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్‌కి కిటికీ అద్దాలు గలగలమన్నా లేవని మనిషి, పక్కన బాక్సు గర్జించేసరికి మంచం మీంచి ఎగిరిపడ్డాడు. లేచి ఏం చేశాడు? బాక్సును అడిగాడా? లేదు. వంటింట్లో రొట్టెలు చేసుకుంటున్న భార్య మీద విరుచుకుపడ్డాడు.

"మై హాత్ భీ నై లగాయీ జీ!" అని లతీఫున్నీసా మొత్తుకోవడం మా కిటికీలోంచి వినపడింది. చెయ్యి కూడా పెట్టలేదు మొర్రో అంటోంది. ఎవరు వింటారు?

మరునాడూ అదే మోత, అదే గొడవ. భాయ్ మా ఆయన్ను పిలిచాడు. ఫోర్‌మన్ కదా! ఆయన టెస్టర్ పట్టుకెళ్లి, బాక్సు వెనకా ముందూ చూసి, మా ఇద్దరు ఆడవాళ్ల ముందే తీర్పు చెప్పారు.

"ఎర్తింగ్ మంచిగనే ఉన్నది భాయ్. మిషన్‌ల ఏం లేదు. ఆడోళ్లు ఏదో నొక్కుతరు, మల్ల తెల్వదంటరు."

ఇంకేం, సర్టిఫికెట్ వచ్చేసింది. ఆదివారం ఆ బాక్సు అమ్మేస్తానని భాయ్ తేల్చేశాడు. పెన్‌డ్రైవ్ పెట్టుకుని కవ్వాలీలు వింటూ పని చేసుకోవడం లతీఫక్కకున్న ఒక్కగానొక్క సుఖం. అయినా ఆమె దిగులు దాని గురించి కాదు.

"బాక్స్ పోతె పోనీ చెల్లె. నేను అబద్ధమాడుతున్న అంటుండు. గదే కడుపుల మండుతున్నది."

డిగ్రీలో నేను చదివింది ఫిజిక్స్. పెళ్లిచూపుల రోజు తర్వాత ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఈ తీర్పు విన్నాక నేనే కొంచెం ఎత్తి చూశాను.

"ఇగో, మీరు నొక్కినప్పుడే ఆళ్లింట్ల మోగుతున్నది."

"మనది మోగకుంట పక్కింటిది మోగుతదా? నువ్వే ఏదో నొక్కి నా సెట్టింగ్ ఖరాబ్ చేసి ఉంటవ్!"

చూశారా! రెండు క్వార్టర్లు, రెండు మతాలు, రెండు భాషలు, తీర్పు మాత్రం ఒక్కటే! జాతీయ సమైక్యత అంటే ఇంకెలా ఉంటుంది? మిక్సీ కాలినా, వాషింగ్ మెషిన్ ఆగినా, ఫోన్‌లో ఫొటోలు మాయమైనా, మన ఇళ్లలో మెకానిక్ కన్నా ముందు ముద్దాయి దొరుకుతుంది.

ఆదివారం భాయ్‌నీ లతీఫక్కనీ చాయ్‌కి పిలిచాను. లతీఫక్కకు ఒక్కటే చెప్పాను. బాక్సు ప్లగ్గూ పెన్‌డ్రైవూ తీయకుండా, మా కిటికీకి ఎదురున్న కిటికీ తెరిచి, ఇంటికి తాళం వేసి రమ్మని. ఆమె తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని వచ్చింది.

చాయ్ తాగుతూ భాయ్ బేరం సంగతి ఎత్తాడు. నేను వినయంగా రిమోట్ తెచ్చి ఆథరైజ్డ్ పర్సన్ చేతిలో పెట్టాను.

"ఇగో, భాయ్ బాక్స్ అమ్మేముందు, మన బాక్స్ ఎట్ల పాడుతదో ఒక్కసారి చూపియ్యుండ్రి."

ఆయన మీసం సవరించుకుని గురిపెట్టారు. నొక్కారు. మా బాక్సు మౌనవ్రతం. తాళం వేసిన పక్కింట్లోంచి కవ్వాలీ! కంగారులో ఇంకోటి నొక్కారు. కవ్వాలీ కాలనీకెక్కింది. ఇంకోటి నొక్కారు. టక్కున ఆగింది.

లతీఫక్క పిడికిలి విప్పి తాళంచెవి టీపాయ్ మీద పెట్టింది.

"ఇప్పుడెవ్వలు నొక్కిన్రు, అన్నా?"

దానికి యూనివర్సల్ అన్న పేరెందుకొచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. విశ్వంలో ఎక్కడైనా పనిచేస్తుంది. మా ఇంట్లో కూడా చేస్తుందని ఆ డబ్బా మీద ఎక్కడా రాసి లేదు!

మా ఆయన రిమోట్‌ను తిప్పి చూశారు, బోర్లేసి చూశారు. బ్యాటరీల మూత తీసి చూశారు. అందులోనూ ఏ ఆడమనిషీ దొరకలేదు.

"నేనే నొక్కిన" అన్నారు, నేల చూపులు చూస్తూ.

ఇప్పుడు చెప్పండి! ఇన్నేళ్ల సంసారంలో మిక్సీ కొన్నాం, ఫ్రిజ్ కొన్నాం, నీళ్లు వడగట్టే మిషన్ కొన్నాం. ఈ ఒక్క మాట ఏ వస్తువు పలికించగలిగింది? మరి ఇంటికొకటి ఉండాలా, వద్దా?

మక్సూద్ భాయ్ "ఏందన్నా, ఇదంత నీ కథనా!" అని నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు. చాయ్ గ్లాసులోకి చూస్తూ ఏదో గొణిగాడు. గ్లాసుకు వినపడిందేమో, మాకు వినపడలేదు.

లతీఫక్క మా ఆయన చేతిలోంచి రిమోట్ తీసుకుంది. ఆథరైజ్డ్ పర్సన్ కాదని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. దాన్ని భర్త ముఖానికి గురిపెట్టి, సౌండ్ పెంచే బటన్ నొక్కి పట్టుకుంది.

"గల్తీ నాదే లతీఫా! నువ్వు చెయ్యి కూడ పెట్టలే!" అన్నాడు మక్సూద్ భాయ్, బట్టల తీగ అవతలికి కూడా వినపడేలా.